పిల్లగాని మాటకు జాగా ఇద్దాం

మూడు నాలుగేళ్ళ బిడ్డకు ఉన్నట్టుండి నత్తి మొదలైతే ఇల్లంతా కంగారు. ఆ కంగారులో పెద్దలు అనే మాటలు, అడిగే ప్రశ్నలు, మాట్లాడే వేగం ఆ చిన్న నోటి మీద ఎలా పనిచేస్తాయి? అక్టోబరు 22, అంతర్జాతీయ నత్తి అవగాహన దినం సందర్భంగా ఈ వారం ముఖచిత్ర కథనం.

పొద్దుగూకే వేళ. వరంగల్ దగ్గరి హసన్‌పర్తిలో ఒక ఇల్లు. తాత చెయ్యి పట్టుకుని స్టేషన్ దిక్కు పోయొచ్చిన నాలుగేళ్ళ పిల్లగాడు చెప్పులు విడవకుండానే లోపలికి ఉరికాడు. బల్లార్షా వైపు పోయే గూడ్సు బండిని ఇవాళ దగ్గర్నుంచి చూశాడు. దానికి ముందు రెండు ఇంజన్లున్నాయి. ఆ సంగతి అందరికన్నా ముందు అమ్మకు చెప్పాలి.

"అమ్మా! గ... గ... గగగ..."

"గూడ్సు బండా? చూసినవా?" కూర కలుపుతూనే ఆ మాట అమ్మే అనేసింది.

"దానికి ర... ర... రరర..."

"ఆగు. ఊపిరి పీల్చుకో. నిమ్మళంగ చెప్పు" అన్నాడు బాపు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. "చిన్నప్పుడు వస సక్కగ పొయ్యలే, నేను అప్పుడే మొత్తుకున్న" అని నానమ్మ అందుకుంది. చిన్నాయిన "ర... ర... రైలా?" అని నవ్వాడు. వెక్కిరింపు కాదు, ముద్దు. టీవీలో సీరియల్ నడుస్తూనే ఉంది. "ఎన్ని డబ్బలున్నయిరా? ఎటు పోయింది? తాత ఏం కొనిచ్చిండు?" మూడు దిక్కుల నుంచి మూడు ప్రశ్నలు.

పిల్లగాడి మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. కాసేపటికి "ఏం లే" అని బయటికి పోయాడు. ఆ రెండు ముక్కలు మాత్రం ఎక్కడా తడబడలేదు.

రెండు ఇంజన్ల సంగతి ఆ పూట ఎవరికీ తెలియలేదు.

ఇది ఫలానా వాళ్ళింటి కథ కాదు. నత్తి మొదలైన బిడ్డ ఉన్న ఏ ఇంట్లోనైనా కనిపించే సాయంత్రాన్ని ఒకచోట పోగుచేసి చెప్పింది. ఆ ఇంట్లో పిల్లగాడంటే ప్రాణం పెట్టని వాళ్ళు ఒక్కరూ లేరు. అయినా వాడు మాట మింగేశాడు. నత్తి గురించి మనం ఎంతో కంగారు పడతాం, ఆ మింగేసిన మాట గురించి మాత్రం పట్టించుకోం. అసలు పట్టించుకోవాల్సింది దాన్నే.

రాత్రికి రాత్రే వచ్చినట్టుంటుంది

నత్తి సాధారణంగా రెండేళ్ళకూ ఐదేళ్ళకూ నడుమ మొదలవుతుంది. బిడ్డ రెండు మూడు మాటలు కూర్చి వాక్యాలు కట్టడం నేర్చుకునే కాలం అది. అప్పటిదాకా గలగలా మాట్లాడినవాడు రెండు మూడు రోజుల్లోనే మారిపోవడం చాలామందిలో చూస్తాం. అందుకే తల్లిదండ్రులు "జ్వరమొచ్చిన కాడినుంచి", "కుక్క బెదిరిచ్చిన కాడినుంచి", "చెల్లె పుట్టిన కాడినుంచి" అని ఒక రోజును పట్టుకుని కారణం వెతుక్కుంటారు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1,600 మందికి పైగా పిల్లలను పసితనం నుంచే గమనిస్తూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులో మూడేళ్ళు వచ్చేసరికి 8.5 శాతం మందికి, నాలుగేళ్ళు వచ్చేసరికి 11.2 శాతం మందికి నత్తి మొదలైంది. ఆ పిల్లల భాష మిగతావాళ్ళ కన్నా వెనకబడి లేదు, ఇంకా కొంచెం ముందే ఉంది. "నత్తి ఉన్నోనికి తెలివి తక్కువ" అనే మాట ఇంకా మన ఊళ్ళలో వినిపిస్తుంది కాబట్టి ఈ సంగతి గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

రెండో సంగతి మరింత ఊరటనిచ్చేది. అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో ఎహుద్ యైరీ, నికొలీన్ ఆంబ్రోజ్ చిన్నపిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 1999లో ప్రకటించిన లెక్క ప్రకారం, నాలుగింట మూడు వంతుల మందికి కొన్నేళ్ళలో నత్తి దానంతటదే పోతుంది. పెద్దయ్యాక కూడా నత్తి ఉండిపోయేవాళ్ళు మొత్తం జనాభాలో నూటికి ఇంచుమించు ఒకరు. చిన్నప్పుడు ఆడపిల్లలకు, మగపిల్లలకు నడుమ తేడా తక్కువగా ఉన్నా, పెద్దయ్యేసరికి నలుగురు మగవాళ్ళకు ఒక ఆడమనిషి అన్న లెక్క మిగులుతుంది. ఆడపిల్లలు ఎక్కువగా బయటపడతారన్నమాట.

మరి మీ బిడ్డ ఆ మూడు వంతుల్లో ఉన్నాడా, మిగిలిన ఒక వంతులో ఉన్నాడా? మొదటి నెలల్లో ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేడు. చిక్కంతా అక్కడే ఉంది.

> తడబాటా, నత్తా?
>
> మాటలు నేర్చే పిల్లలందరూ తడబడతారు. "నేను నేను నేను పోత" అని మొత్తం మాటను తిరిగి అనడం, "అదీ... ఏందంటే..." అని ఆలోచించుకోవడం వయసుకు తగ్గ తడబాటే.
>
> మాటలోని ఒక ముక్కే తిరిగి తిరిగి రావడం (న-న-న-నేను), అక్షరం సాగిపోవడం (సాఆఆఆయి), నోరు తెరిచినా శబ్దం ఆగిపోవడం, దానితోపాటు కళ్ళు మూసుకోవడం, మెడ బిగపట్టడం, కాలు నేలకు కొట్టడం కనిపిస్తే అది నత్తి.
>
> నత్తి రోజూ ఒకేలా ఉండదు. ఒక వారం అసలు కనిపించదు, మరో వారం నోరే విప్పనివ్వదు. పాటలో, నలుగురితో కలిసి చదివేటప్పుడు, బొమ్మతో ఒంటరిగా ఆడుకునేటప్పుడు చాలామందికి రాదు. అందుకని "కావాలనే చేస్తుండు" అనుకోవద్దు.

తల్లి మీద నింద పడిన కాలం

1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లోని ఒక అనాథాశ్రమంలో జరిగిన ప్రయోగం గురించి చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుడు ఉండేవాడు. ఆయనకూ నత్తి ఉండేది. పిల్లల మామూలు తడబాటును పెద్దలు "నత్తి" అని ముద్ర వేసి పదే పదే సరిదిద్దడం వల్లే అది అసలు నత్తిగా మారుతుందని ఆయన నమ్మకం. దాన్ని పరీక్షించే పనిని మేరీ ట్యూడర్ అనే విద్యార్థినికి అప్పగించాడు. ఆమె 22 మంది పిల్లలను తీసుకుంది. చక్కగా మాట్లాడే ఆరుగురు పిల్లలను కూర్చోబెట్టి, మీకు నత్తి వస్తోంది, సరిగా మాట్లాడలేనప్పుడు అసలు నోరు విప్పకండి అని నెలల తరబడి చెప్పింది.

ఆ పిల్లల మాట తగ్గిపోయింది. ఒక్కో మాటకు జవాబిచ్చి ఊరుకునేవాళ్ళు. బడిలో వెనకబడ్డారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఈ ప్రయోగాన్ని ఎక్కడా ప్రచురించలేదు. 2001లో ఒక పత్రిక బయటపెట్టాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితుల పక్షానికి 9,25,000 డాలర్ల పరిహారం ఇచ్చింది.

ఆ పాత కాగితాలను 2002లో ఆంబ్రోజ్, యైరీ మళ్ళీ తీసి లెక్కగట్టారు. నత్తి లేని ఆ పిల్లల్లో ఒక్కరికీ అసలైన నత్తి రాలేదు. అంటే పెద్దల మాటలు నత్తిని పుట్టించలేకపోయాయి, నోరు మాత్రం మూయించగలిగాయి. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లే దశాబ్దాల పాటు తల్లులు నింద మోశారు. "నువ్వు గద్దించినవు, అందుకే వానికి నత్తొచ్చింది" అని ఇవాళ్టికీ కోడళ్ళను అంటున్న ఇళ్ళున్నాయి.

నత్తి మెదడులో మాటను నడిపించే ఏర్పాటుకు, వంశానికి సంబంధించినది. 2010లో డెన్నిస్ డ్రేనా బృందం పాకిస్తాన్‌లోని కుటుంబాలను పరిశీలించి నత్తితో ముడిపడిన జన్యు మార్పులను గుర్తించింది. ఆ తరువాత ఇలాంటివి ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. నత్తి ఉన్న పిల్లల మెదడులో మాటకు సంబంధించిన భాగాలను కలిపే నరాల దారుల్లో తేడాలు మూడు నాలుగేళ్ళ వయసులోనే స్కానుల్లో కనిపిస్తున్నాయి. గద్దించినా, ముద్దు చేసినా, ఇంట్లో రెండు భాషలు మాట్లాడినా, ఇంగ్లీషు మీడియంలో వేసినా నత్తి పుట్టదు.

అలాగని ఇంటి మాటలకు ఏ విలువా లేదా? ఉంది. చాలా ఉంది.

మనం ఉరికితే వాడూ ఉరుకుతాడు

పిల్లలకు నత్తి ఎక్కడ ఎక్కువ వస్తుందో ముందు చూద్దాం. పొడుగు వాక్యాల్లో, మెలిక ఎక్కువున్న వాక్యాల్లో వస్తుంది. "బండి పోయింది" అనడం తేలిక. "తాత నన్ను ఎత్తుకున్నప్పుడు రెండు ఇంజన్లున్న బండి పోయింది" అనడానికి నాలుగేళ్ళ మెదడు చాలా పని చేయాలి. మాటలు ఏరుకోవాలి, వరస పెట్టాలి, నాలుకను కదిలించాలి, ఇదంతా ఎదుటివాళ్ళు వేరే మాట ఎత్తుకునే లోపల జరగాలి. నత్తి ఉన్న బిడ్డకు నాలుకను కదిలించే పనిలోనే కొంచెం ఎక్కువ సమయం కావాలి. ఇరుకు సందులో ఎద్దుల బండి తోలేవాడి వెనక నాలుగు లారీలు హారన్ కొడుతున్నట్టుంటుంది వాడి పరిస్థితి.

1988లో అమెరికాలో ఒక చిన్న పరిశీలన జరిగింది. నత్తి ఉన్న ఇద్దరు పిల్లల తల్లులకు వేగం తగ్గించి మాట్లాడటం నేర్పారు. పిల్లల నత్తి తగ్గింది. వింతేమిటంటే పిల్లలు తమ వేగం తగ్గించుకోలేదు. అమ్మ వేగం తగ్గడమే వాళ్ళకు చాలింది. ఇద్దరు పిల్లలతో లోకమంతటికీ తీర్పు చెప్పలేం కానీ, పిల్లలతో పనిచేసే స్పీచ్ థెరపిస్టులు ఏళ్ళ తరబడి చూస్తున్నదీ ఇంచుమించు ఇదే. "నువ్వు నిమ్మళంగ మాట్లాడు" అని బిడ్డకు చెప్పడం కన్నా మనం నిమ్మళంగా మాట్లాడితే బిడ్డకు ఎక్కువ మేలు.

ఎందుకంటే "నిమ్మళంగ చెప్పు" అన్నప్పుడు బిడ్డ మనసు చెప్పబోయే సంగతి మీది నుంచి చెప్పే తీరు మీదికి మళ్ళుతుంది. నువ్వు చెప్పిన తీరు బాగాలేదు అని వాడికి అర్థమవుతుంది. గూడ్సు బండి పోయి, నోరు మిగులుతుంది.

వేగంతోపాటు చూసుకోవాల్సింది, వాడి మాట ముగిశాక మనం మొదలుపెట్టే ముందు ఉండే ఎడం. పెద్దవాళ్ళు జవాబివ్వడానికి ఒక సెకనుకు బదులు మూడు సెకన్లు ఆగితే, పిల్లలు కూడా తమ వంతు వచ్చినప్పుడు ఆగి, ఆలోచించుకుని మొదలుపెట్టడం 1989 నాటి మరో పరిశీలనలో కనిపించింది. మన ఇళ్ళలో ఆ ఎడం దాదాపు ఉండదు. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటం మనకు ఆప్యాయతలో భాగం. పెద్దవాళ్ళు కలిసిన చోట అది అందమే. నత్తి ఉన్న బిడ్డకు మాత్రం ఆ వరసలో చొరబడటం కష్టం. చొరబడటానికి తొందరపడ్డప్పుడే వాడి నోరు ఎక్కువ పట్టుకుంటుంది.

ప్రశ్నల విషయంలో ఒక అపోహ ఉంది. పిల్లలను ప్రశ్నలే అడగొద్దని కొందరు సలహా ఇస్తారు. పరిశోధనలు అలా చెప్పడం లేదు. 1992లో వెయిస్, జెబ్రౌస్కీ చేసిన పరిశీలనలో, తమంతట తాము ఏదైనా చెప్పబోయినప్పటి కన్నా అడిగినదానికి జవాబిచ్చినప్పుడే పిల్లలకు నత్తి తక్కువ వచ్చింది. ప్రశ్న ఎంత బరువైనదన్నదే ముఖ్యం. "పప్పు తింటవా, చారు తింటవా?" అంటే ఒక్క మాటతో జవాబు చెప్పొచ్చు. "ఎందుకు కొట్టుకున్నరు? ముందు ఎవలు కొట్టిండ్రు? మేడం ఏమన్నది?" అంటే వాడు ఒక కథ కట్టి అప్పజెప్పాలి, అదీ దోషిగా నిలబడి.

ఇంకో మేలైన దారి ఉంది. అడగకుండా అనడం. "అబ్బో, గూడ్సు బండి చూసొచ్చినవన్నట్టు!" అని ఊరుకోండి. చెప్పాలనుకుంటే వాడే చెప్తాడు. ఎంతసేపు పట్టినా కళ్ళలోకి చూస్తూ వినండి. మాట అందించకండి. అందించిన మాట సరైనదే అయినా, "నీకు రాదు, నేను చెప్తా" అన్నట్టే వాడికి వినిపిస్తుంది.

నత్తి ఉన్న బిడ్డతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళే తెలియకుండా వేగం పెంచుతారనీ, తడబడినప్పుడే ఎక్కువగా అడ్డుపడతారనీ 1985లోనే చూశారు. నత్తి ఉన్న పిల్లల తల్లులే కాదు, వేరే పిల్లల తల్లులు వాళ్ళతో మాట్లాడినా అంతే. కాబట్టి ఇది ఒక తల్లి లోపం కాదు, వినేవాడి కంగారు. కంగారు తగ్గించుకోవడం నేర్చుకోవచ్చు.

ఐదు నిమిషాలు చాలు

పొద్దంతా ఇలా మాట్లాడమంటే ఎవరివల్లా కాదు. మిరప కల్లం దగ్గర, స్కూల్ ఆటో వచ్చే వేళ, పంపు నీళ్ళు వదిలినప్పుడు ఎవరూ మూడు సెకన్లు ఆగరు, ఆగాల్సిన పనీ లేదు. లండన్‌లోని మైకేల్ పేలిన్ కేంద్రం 1993 నుంచి నత్తి ఉన్న పిల్లలతో పనిచేస్తోంది. అక్కడి పద్ధతిలో తల్లిదండ్రులు బిడ్డతో ఒక్కొక్కరే, వారంలో కొన్నిసార్లు, ఐదేసి నిమిషాలు కూర్చుంటారు. టీవీ బంద్, ఫోన్ దూరం, చెల్లె పక్కన ఉండదు. ఆట ఏదో బిడ్డే చెప్తాడు. పెద్దవాళ్ళు వాడి వెంట నడుస్తారు, నిదానంగా మాట్లాడతారు. ఆ కొద్ది నిమిషాల్లో అలవాటైనది మెల్లమెల్లగా మిగతా రోజులోకి పాకుతుంది.

సిడ్నీలోని లిడ్‌కూంబ్ అనే చోటు పేరుతో మరో పద్ధతి ఉంది. ఇందులో బిడ్డ తడబడకుండా చెప్పినప్పుడు అమ్మో నాన్నో "ఎంత సాఫీగ చెప్పినవ్ బిడ్డా!" అని మెచ్చుకుంటారు. అప్పుడప్పుడు మాత్రమే, థెరపిస్టు చూపించిన తీరులో, నత్తి పడిన మాటను సున్నితంగా గుర్తుచేస్తారు. న్యూజిలాండ్‌లో మూడు నుంచి ఆరేళ్ళ లోపు 54 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. తొమ్మిది నెలల తరువాత ఈ పద్ధతి నేర్చినవాళ్ళకు నూరు అక్షరాలకు 1.5 చోట్ల, మిగతావాళ్ళకు 3.9 చోట్ల నత్తి పడింది.

నెదర్లాండ్స్‌లో 199 మంది పిల్లలతో ఈ లిడ్‌కూంబ్ పద్ధతినీ, ఇంట్లో మాటల ఒత్తిడి తగ్గించే పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఏడాదిన్నర తరువాత మొదటిదాంట్లో 76.5 శాతం, రెండోదాంట్లో 71.4 శాతం మందికి నత్తి లేదు. వీళ్ళలో కొందరికి ఎలాగూ దానంతటదే పోయేదే. అయినా రెండు దారుల్లోనూ థెరపిస్టు నేర్పితే ఇంట్లో చేసేది అమ్మానాన్నలే. మందు లేదు, సూది లేదు, ఆపరేషన్ లేదు.

> వస, గులకరాళ్ళు, కత్తెర
>
> వసకొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు బాగా వస్తాయని మన నమ్మకం. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం అందుకే. వసలో ఉండే ఆసరోన్ అనే రసాయనం విషప్రభావం వల్ల అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. పసిపిల్లలకు వస పట్టొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. నత్తికి అది మందు కాదు.
>
> నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని మాట్లాడటం గ్రీకు వక్త డెమోస్తనీస్ పేరుతో లోకమంతా పాకిన కథ. చిన్నపిల్లలకు గొంతులో అడ్డంపడి ప్రాణం మీదికి వస్తుంది.
>
> 1841లో బెర్లిన్ వైద్యుడు డీఫెన్‌బాఖ్ నత్తికి నాలుక కోసే ఆపరేషన్లు చేశాడు. ఫలితం లేక ఆ పద్ధతి మూలబడింది. నాలుక కింది పొర కోయిస్తే నత్తి పోతుందన్నదీ నిజం కాదు.

పేరు చెప్పమన్నప్పుడు

హసన్‌పర్తి చుట్టూ చదువుల ఊళ్ళే. ఎర్రగట్టు గుట్ట దగ్గర 1980లో మొదలైన కిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అనంతసాగర్‌లో ఎస్సార్ విశ్వవిద్యాలయం ఉంది, అవతల కాకతీయ విశ్వవిద్యాలయం. నత్తి ఉన్న కుర్రవాడు ఏ కాలేజీలో చదివినా ఉద్యోగం ఇంటర్వ్యూ దాకా వస్తే, లెక్కలకు భయపడడు, తన పేరు చెప్పడానికి భయపడతాడు. నత్తి ఉన్న చాలామందికి అన్నింటికన్నా కష్టమైన మాట సొంత పేరే. దానికి బదులు ఇంకో మాట వాడే వీలుండదు కదా. నోరు పట్టుకునే మాటను తప్పించి వేరే మాట వెతుక్కోవడం, హోటల్లో కావాల్సింది కాక పలకగలిగింది చెప్పుకోవడం, హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకోవడం, ఇవన్నీ ఏళ్ళ తరబడి అలవాటైన దాగుడుమూతలు. హృతిక్ రోషన్ తన చిన్ననాటి నత్తి గురించి బహిరంగంగా చెప్పుకున్నాడు. బ్రిటన్ రాజు ఆరో జార్జి నత్తి మీద సినిమా వచ్చింది. తెలుగు తెర మీద మాత్రం నత్తి పాత్ర ఎక్కువగా నవ్వించడానికే వచ్చింది. ఆ నవ్వు పిల్లల ఆటల్లోకి, తరగతి గదుల్లోకి పాకింది.

ఈ దాగుడుమూతల మొదటి పాఠం నాలుగేళ్ళప్పుడే పడుతుంది. ఎర్రగట్టు జాతరకు చుట్టాలొస్తారు. "మామకు రైమ్ చెప్పు, ఏబీసీడీ చెప్పు" అని బిడ్డను నడింట్లో నిలబెడతారు. పాట పాడితే ఫరవాలేదు, పాటలో చాలామందికి నత్తి రాదు. కానీ పేరు, ఊరు, బడి పేరు అప్పజెప్పమంటే నలుగురి చూపుల మధ్య వాడు ఇరుక్కుంటాడు. దయచేసి ఆ పని చేయకండి. బడిలోనూ అంతే. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక కొత్త భాషలో గట్టిగా చదివించడం పెరిగింది. నత్తి ఉన్న పిల్లవాడిని ఒంటరిగా లేపే బదులు పక్కవాడితో కలిపి చదివిస్తే వాడూ చదువుతాడు. ఎవరైనా వెక్కిరిస్తే టీచరు ఆ రోజే, ఆ తరగతిలోనే ఆపించాలి.

ఇంకొక్క మాట. బిడ్డ ముందు నత్తి ఊసే ఎత్తొద్దన్న పాత సలహా అయోవా రోజుల నాటిది. "ఒక్కోసారి మాట పట్టుకుంటది కదా బిడ్డా, ఏం కాదు, నేను వింట" అని మామూలుగా అంటే తప్పులేదు. వాడికి ఎలాగూ తెలుసు. మనం దాచితే అది సిగ్గుపడాల్సిన సంగతి అనుకుంటాడు.

> ఎక్కడ చూపించాలి?
>
> వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి హసన్‌పర్తి నుంచి అటూ ఇటూగా పదిహేను కిలోమీటర్లు. చెవి, ముక్కు, గొంతు విభాగంలో వినికిడి పరీక్షతో మొదలుపెట్టి స్పీచ్ థెరపీ గురించి అడగండి.
>
> 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలి. వాళ్ళ జాబితాలో నత్తి పేరు విడిగా లేదు, మాట ఆలస్యం, వినికిడి లోపం ఉన్నాయి. మీరే నోరు తెరిచి చెప్పి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాయించుకోండి.
>
> సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో దేశానికే పెద్ద దిక్కు.
>
> పెద్దవాళ్ళకు 2008 నుంచి పనిచేస్తున్న ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ అండగా ఉంటుంది.

ఎంతకాలం చూడొచ్చు?

"పెద్దగైతే అదే పోతది" అన్నది నాలుగింట మూడు సార్లు నిజం. నాలుగోసారి మాత్రం విలువైన కాలాన్ని తినేస్తుంది. బడికి వెళ్ళే వయసు దాటాక చికిత్స పనిచేయదని కాదు, కష్టం ఎక్కువవుతుంది. నత్తి మొదలై ఆరు నెలలు దాటినా, రోజురోజుకూ పెరుగుతున్నా, ఇంట్లో ఇంకెవరికైనా పెద్దయ్యాక కూడా నత్తి ఉండిపోయినా, బిడ్డ మూడున్నరేళ్ళు దాటాక మొదలైనా ఆగొద్దు. వీటన్నిటికన్నా ముందు చూడాల్సిన గుర్తు ఒకటుంది. బిడ్డ మాట్లాడటం తగ్గించాడా? "నువ్వే చెప్పు" అని మీకు అప్పజెప్తున్నాడా? "ఏం లే" అని పోతున్నాడా? అలాగైతే ఆరు నెలలు కూడా ఆగకండి, ఈ వారమే థెరపిస్టు దగ్గరికి తీసుకుపోండి. ఈలోగా రోజూ ఐదు నిమిషాలు టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, వాడు ఏం చెప్తే అది చివరిదాకా వినండి.